ఎర్రబండిలో ఆఖరి చప్పుడు

చప్పుడు వినపడిన చోట పుట్టదు. చిట్టియ్య నమ్మకం అది. నెత్తిమీద టకటకలాడుతుంటే దాని మూలం వెనక చక్రం దగ్గరుంటుంది. కాళ్ల సందున కిర్రుమంటే అద్దం అంచున ఎక్కడో ఉంటుంది. ఇనుము దాన్ని అక్కణ్ణించి మోసుకొచ్చి మన చెవి దగ్గర దింపి పోతుంది. అందుకే రామచంద్రపురం నుంచి ద్రాక్షారామం పోయే రోడ్డులో, కాలవ వార రేకుల షెడ్డులో ఉండే ఈ మనిషి బండి రాగానే బానెట్ ఎత్తడు, పానా పట్టడు. యజమానిని నడపమని, తాను ఎడమ సీట్లో కూర్చుని, కళ్లు మూసుకుని, చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుంటాడు. చూసేవాళ్లకి కునుకు తీస్తున్నాడనిపిస్తుంది. కొంత దూరం పోయాక ఒక చెయ్యి లేస్తుంది. డాష్‌బోర్డు మీదో, తలుపు మీదో వేలు ఆనిస్తాడు. చప్పుడు ఆగితే దొంగ దొరికినట్టు. ఆగకపోతే వేలు ఇంకో చోటికి జరుగుతుంది.

"ఇదేం వైద్యమయ్యా, నాడి చూస్తున్నావా?" అని అడిగినవాళ్లున్నారు.

"నాడేనండి. కాకపోతే ఈ రోగి పరిగెడతా ఉంటేనే నాడి దొరుకుద్దండి," అనేవాడు.

ఈ విద్య అతనికి ఎవరూ నేర్పలేదు. తండ్రి కౌలు రైతు. ఒక ఏడాది తుపానుకి కోసిన వరి పనలు చేలోనే మొలకెత్తిపోతే, బడి మానేసి, ఊళ్లో లారీలకీ బస్సులకీ బాడీలు కట్టే కార్ఖానాలో చేరాడు. రివిట్లు కొట్టే పని. తెల్లారి మొదలైన సుత్తుల మోత పొద్దుగూకేదాకా ఆగేది కాదు. ఆ మోతలో తక్కినవాళ్ల చెవులు మొద్దుబారిపోతే, చిట్టియ్యకి మాత్రం ఒక్కో చప్పుడూ విడివిడిగా వినపడడం మొదలైంది. కొత్తగా కట్టిన బస్సును రోడ్డెక్కించిన రోజున, కిటికీ చట్రం ఒకటి గొణుగుతోందని సైకిల్ ట్యూబు ముక్క కోసి దాని సందులో దూర్చాడు. అది చూసి మేస్త్రి పడీపడీ నవ్వాడు.

"ఒరే పిచ్చోడా, బస్సు చప్పుడు చెయ్యకపోతే వస్తందని జనానికి ఎలా తెలుస్తదిరా?"

తరవాత కంపెనీలే బస్సుల్ని బాడీలు కట్టి పంపడం మొదలెట్టాయి. కార్ఖానా మూతపడింది. మేస్త్రి పోయాడు. సుత్తులు పాతఇనుములోకి పోయాయి. చిట్టియ్యకి మిగిలింది ఆ చెవి ఒక్కటే. దాన్నే పెట్టుబడిగా పెట్టుకుని ఈ షెడ్డు వేశాడు. ఒక రబ్బరు గొట్టం ముక్క, సుద్దముక్క, పాత ట్యూబులు, ఒక పౌడరు డబ్బా, భార్య వరహాలక్ష్మి మిషను దగ్గర రాలిన గుడ్డ పీలికలు, ఇవీ అతని సామాన్లు.

గోదావరి జిల్లాల బండ్లకి వచ్చే రోగాలు వేరు. దాళ్వా, అంటే వేసవి పంట, కోతలయ్యాక వడ్లన్నీ రోడ్డు మీదే ఎండుతాయి. వాటి మీంచి పోయిన ప్రతి బండీ తన వాటా గింజలు కొన్ని పొట్టలో వేసుకునే పోతుంది. చేలకి నీళ్లు పెట్టగానే ఎలకలు మెరకకి ఎక్కి, ఇంటిముందున్న కార్లలో కాపురం పెడతాయి. సముద్రం వారనున్న ఊళ్ల బండ్లయితే క్లిప్పులన్నీ ఉప్పుగాలికి తుప్పు పట్టి, పట్టు వదిలేసి, మూలుగుతూ ఉంటాయి. చిట్టియ్య బండి లోపల కూర్చుని నాలుగు వంతెనలు దాటితే చాలు, అది ఏ వైపు నుంచి వచ్చిందో చెప్పేవాడు.

దూరాన ఉన్నవాళ్లు ఫోన్లో చప్పుడు రికార్డు చేసి పంపేవారు. రికార్డు చెయ్యడం రానివాళ్లు ఫోన్ చేసి నోటితోనే వినిపించేవారు. కాకినాడలో ఒక లెక్చరరు గారు అయితే క్లాసు మధ్యలో బయటికొచ్చి మరీ "కీచ్, కీచ్, కీచ్... ఇదిగో ఇలాగండి" అనేవారు. మిషను తొక్కుతూ వరహాలక్ష్మి విసుక్కునేది.

"మనకి ఫోన్లు మనుషులు చేస్తన్నారో పిట్టలు చేస్తన్నాయో తెలవట్లేదు. ఎక్కడో కాకినాడలో కీచుమన్నది వినపడుద్ది గానీ, పొయ్యి మీద కుక్కరు కూస్తంటే వినపడదు ఈయనకి!"

కిందటేడు దాళ్వా కోతల రోజుల్లో అలాగే ఒక సాయంత్రం, రికార్డు చేసి పంపిన ఓ గొంతు వచ్చింది.

"చిట్టియ్యగారూ, నమస్తే అండి. నా పేరు విష్ణు, మొగల్తూరు. రెండు సీట్ల స్పోర్ట్స్ కారండి నాది, సెకండ్ హ్యాండ్‌లో తెచ్చుకున్నాను. అద్దె కట్టకుండా ఇందులో ముగ్గురు కాపురం ఉంటున్నారండి. ఒకడు అద్దం ముందు గలగలమంటాడు. ఒకడు తలుపులో కిచకిచమంటాడు. మూడోవాడు డాష్‌బోర్డు లోపల... ఆగండి, ఇదిగో, వినండి... విన్నారా? అచ్చం మా నాన్నగారు మధ్యాహ్నం పడుకుని గుర్రు పెడితే ఎలాగుంటదో అలాగేనండి." ఒక నవ్వు. వెనక గాలి. "రేపొచ్చేస్తాను. నాన్నగారు వదిలితే."

చిట్టియ్యకి ఆ నవ్వు నచ్చింది. ఉప్పుగాలి బండి, వడ్లగింజలు, తలుపు అద్దం గాడి, ఊడిన క్లిప్పు అని మనసులో అనుకుని, మర్నాడు షెడ్డులో చోటు ఖాళీ చేసి పెట్టుకున్నాడు. అబ్బాయి రాలేదు. ఆ తరవాత కూడా రాలేదు. కుర్రాళ్లకి బండి మోజు మారిపోయి ఉంటుందిలే అనుకుని మర్చిపోయాడు.

ఇంచుమించు ఏడాదికి ఆ బండి వచ్చింది. ఎర్రగా, నేలబారుగా, గుడ్డ టాపుతో. నడుపుతున్నది మాత్రం కుర్రాడు కాదు. తెల్లచొక్కా, తెల్లపంచె కట్టుకున్న పొడుగుపాటి పెద్దాయన. అందులోంచి దిగడానికి ఆయన ముందు కాళ్లు బయటపెట్టి, తలుపు పట్టుకుని, ఒక మూలుగు మూలిగి లేవాల్సి వచ్చింది.

"చిట్టియ్యంటే నువ్వేనా?"

"ఆయ్, నేనేనండి."

"మాది మొగల్తూరు. పల్లంరాజు అంటారు. మా విష్ణు నీతో మాట్లాడానని చెప్పాడు."

"మాట్లాడారండి. రేపే వస్తానన్నారు, రాలేదు. బాగున్నారాండి అబ్బాయిగారు?"

పల్లంరాజు గారు బండి టాపు మీద లేని దుమ్ముని అరచేత్తో తుడిచారు.

"లేడు," అన్నారు.

చిట్టియ్య చేతిలోని గుడ్డ కింద పెట్టాడు.

"ఆ రోజు నీ దగ్గరికే బయల్దేరాడు. రొయ్యల చెరువులో గాలి కొట్టే ఏరియేటరు ఆగిపోయింది. రొయ్య పైకి తేలుతోందని పాలేరు పరిగెత్తుకొచ్చాడు. చప్పుళ్ల కోసం రామచంద్రపురం ఎళ్తావేంట్రా, చప్పుడు ఎక్కడికి పోద్ది, ముందు ఇది చూసి ఎళ్లమన్నాను. వాడు మారు మాట్లాడలేదు. తాళాలు నా చేతిలో పెట్టి చెరువులోకి దిగాడు." ఆయన చెయ్యి టాపు మీదే ఆగింది. "కరెంటు తియ్యలేదు ఎవరూ."

కాలవలో గుర్రపుడెక్క మెల్లగా కదిలి పోతోంది. ఇద్దరూ దానివైపు చూశారు.

"పై వారం సంవత్సరీకం. ఆ రోజుకి వాడి బండిలో చప్పుడన్నది ఉండకూడదు. వాడు నన్నడిగిన పని అదొక్కటే, నేను వద్దన్నది కూడా అదొక్కటే. చేసి పెట్టగలవా?"

"చేస్తానండి."

"ఒక్క మాట. ఆ ఎడం సీట్లో ఎవరూ కూచోకూడదు. చెయ్యి కూడా వెయ్యద్దు. అది తప్ప బండంతా నీ ఇష్టం."

చిట్టియ్య తలుపు సందులోంచి చూశాడు. ఎడమ సీటు ఖాళీ. ఖాళీ సీటుకి అడ్డంగా బెల్టు మాత్రం పెట్టి ఉంది. ఎందుకని అడగలేదు. చూడకూడనిది చూసినట్టు కళ్లు తిప్పేసుకున్నాడు. పోయినవాళ్ల సంగతుల్లో ఎదటివాళ్లు చెప్పిందే వినాలి గానీ గుచ్చి అడగకూడదని అతన్ని పెంచినవాళ్లు నేర్పారు. ఆ మర్యాదే అతన్ని తరవాత తప్పుదారి పట్టించింది.

జేబులో ఫోనుంది. ఫోన్లో ఆ అబ్బాయి గొంతుంది. చెప్పాలని నోరు తెరిచాడు. 'నాన్నగారు వదిలితే' అన్న ఆ చివరి మాట గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు.

పల్లంరాజు గారు మండపేటలో చుట్టాలింట్లో దిగి, పొద్దున్నే వచ్చి షెడ్డులో బల్ల మీద కూర్చునేవారు. పేపరు చదివేవారు కాదు, ఫోను చూసేవారు కాదు. బండి వైపే చూస్తూ ఉండేవారు. వరహాలక్ష్మి మజ్జిగ తెచ్చి ఇస్తే "ఎందుకమ్మా శ్రమ" అని, గ్లాసు చేత్తో పట్టుకుని, తాగడం మర్చిపోయేవారు.

చిట్టియ్య చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని విష్ణు పంపినదాన్ని మళ్లీ మళ్లీ వింటూ పని చేశాడు. ఎడమ సీట్లో కూర్చోకూడదు కాబట్టి అతని పద్ధతి ఇక్కడ పనికి రాలేదు. బండి నిలబెట్టి, తలుపుల్ని పిడికిలితో కొట్టి, గొట్టం చెవికి ఆనించి, ఒక్కో చప్పుణ్ణీ ఫోన్లో దానితో సరిపోల్చుకోవలసి వచ్చింది.

"పాటలు వింటున్నావా?" అని అడిగారు పల్లంరాజు గారు, కోపంగా కాదు.

"ఆయ్... అవునండి," అన్నాడు చిట్టియ్య. అన్నాక అతని చెవులు వేడెక్కాయి.

గలగలమనేవాడు ముందు దొరికాడు. ముందు అద్దం కింద, వైపర్ల దగ్గరున్న పళ్లెంలాంటి చోట గుప్పెడు వడ్లు, వాటితోపాటు ఎలక కొరికి పారేసిన రొయ్యమేత గింజలు. చిట్టియ్య వాటిని కాగితంలో తీస్తుంటే పెద్దాయన లేచి వచ్చి, ఒక గింజ తీసుకుని వేళ్ల మధ్య నలిపి వాసన చూశారు.

"మా మేతే," అన్నారు.

తలుపులో కిచకిచమనేవాడికి అద్దం గాడిలో పౌడరు సరిపోయింది. మూడోవాడు మొండికెత్తాడు. డాష్‌బోర్డు సగం విప్పితే గానీ కనపడలేదు. ఒక ఇనపక్లిప్పు తుప్పు తిని సగమైపోయింది. ఆ సగం లోపలి రేకు మీద రాసుకుంటోంది. చిట్టియ్య దాన్ని తీసేసి కొత్తది వేసి, కింద గుడ్డ పీలిక చుట్టాడు. ఫోన్లో గురక వింటూ బండిని కుదిపి చూశాడు. ఫోన్లో ఉంది, బండిలో లేదు.

ఆ గురక ఆగిపోయినందుకు అతనికి ఎన్నడూ లేనిది మనసుకి కష్టమనిపించింది.

"తిప్పి రండి రాజుగారూ. ఇంక ఉండకూడదండి."

పల్లంరాజు గారు ద్రాక్షారామం దాకా వెళ్లి వచ్చారు. దిగకుండానే తల అడ్డంగా ఊపారు.

"ఇంకా ఉంది."

"ఎలాగుందండి?"

"టిక్కు... టిక్కుమని. గోతిలో పడ్డప్పుడల్లా. వెనకనుంచి వస్తున్నట్టుంది. వాడు చెప్పింది అదేనయ్యా, అదే అయ్యుంటది."

విష్ణు చెప్పిన ముగ్గురిలో టిక్కుమనేవాడు లేడు. ఆ సంగతి చిట్టియ్యకి తెలుసు, పెద్దాయనకి తెలీదు. రెండు రోజులు బండి వెనకభాగం అంతా వెతికాడు. స్టెప్నీ బిగించాడు, జాకీకి గుడ్డ చుట్టాడు, డిక్కీ తాళానికి రబ్బరు పెట్టాడు. బండి నిలబడి ఉంటే చప్పుడు రాదు. పెద్దాయన తిప్పి వచ్చినప్పుడల్లా అదే మాట, "ఉంది."

చివరికి చిట్టియ్య డిక్కీ మూత తీసి, లోపల గోనెసంచి పరిచాడు.

వరహాలక్ష్మి మిషను ఆపేసింది. "ఏం చేస్తన్నారు?"

"ఇందులో పడుకుంటా. ఆయన నడుపుతారు."

"మీకేమన్నా మతి పోయిందా! ఊపిరాడకపోతే?"

"కాలవ లాకుల దాకా వెళ్లి వచ్చేస్తామే. లోపల్నుంచి తీసుకునే గొళ్లెం ఉంది."

"ఆ ముందు సీటు అంత ఖాళీగా పెట్టుకుని..." అనబోయి ఆమె పల్లంరాజు గారి మొహం చూసి ఆగిపోయింది.

మూత పడింది. చీకటి. రబ్బరు వాసన, పెట్రోలు వాసన, వాటి కింద ఎక్కడో నీచువాసన. మోకాళ్లు గడ్డానికి తగిలేలా ముడుచుకుని చిట్టియ్య కళ్లు మూసుకున్నాడు. బండి కదిలింది. సిమెంటు రోడ్డు అయిపోయి గట్టు రోడ్డు వచ్చింది. మొదటి గోతిలోనే చప్పుడు వినపడింది. టిక్కు. అది డిక్కీలో లేదు. ముందునుంచి వస్తోంది.

ఇంకో గొంతు కూడా ముందునుంచే వస్తోంది.

మొదట పల్లంరాజు గారు ఫోన్లో మాట్లాడుతున్నారనుకున్నాడు. కానీ మాటకీ మాటకీ మధ్య ఎదటివాళ్లకి ఇచ్చే వ్యవధి లేదు. ఇంజను మోతలో, మూత కింద, తనకి వినపడదని ఆయన అనుకుని ఉంటారు. లేదా తనున్న సంగతే మర్చిపోయి ఉంటారు.

"...ఇక్కడంతా వడ్లు పోసేశారు చూశావా. మెల్లగా ఎళ్దాం. నీలాగా తొక్కలేన్రా నేను."

టిక్కు.

"నరసాపురం రేవులోనే నిన్ను గోదాట్లో కలిపెయ్యమన్నారు మీ మావయ్యావాళ్లు. దగ్గరకదా అని. నేను విన్లేదు. ఈ బండెక్కితే నువ్వు నరసాపురంతో ఆగేవాడివా? రాజమండ్రి దాకా ఎళ్దాంలే, కోటిలింగాల రేవుకే ఎళ్దాం అన్నాను. వంతెనలన్నీ చూసుకుంటా ఎళ్లాం కదా."

టిక్కు. టిక్కు.

"అస్థికల ముంత ఒళ్లో పెట్టుకుని ఎవరన్నా కూచోవాలన్నారు బ్రహ్మగారు. కింద పెట్టకూడదంట. ఉన్నవి రెండు సీట్లు, ఒకటి నాది, ఒకటి నీది. ఇంకెవర్ని కూచోబెట్టను? అందుకే బెల్టు పెట్టాను. నువ్వెప్పుడూ పెట్టుకునేవాడివి కాదు, చెప్పి చెప్పి నా నోరు పోయేది. ఆ రోజు పెట్టించుకున్నావు. రావులపాలెం దాటాక గోతిలో పడింది, నువ్వొరిగిపోయావు, ఇదిగో, ఇలా చెయ్యి అడ్డం పెట్టాను..."

చప్పుడు ఆగిపోయింది.

బండి గోతుల్లో పడుతూనే ఉంది. ఎగిరి పడ్డప్పుడు చిట్టియ్య నుదురు మూతకి కొట్టుకుంది కూడా. చప్పుడు మాత్రం లేదు. తరవాత మలుపు దగ్గర వేగం తగ్గి, గేరు మారిన కుదుపు తగిలింది. అడ్డం పెట్టిన చెయ్యి గేరు మీదికి పోయి ఉంటుంది. వెంటనే మళ్లీ టిక్కు.

చీకట్లో ముడుచుకుని పడుకున్న చిట్టియ్యకి ఆ బండి లోపల అంతా కళ్లకి కట్టినట్టు కనపడింది. ఖాళీ సీటు. దానికి అడ్డంగా ఎవర్నీ పట్టుకోకుండా వదులుగా పడి ఉన్న బెల్టు. రెండు సీట్ల మధ్య, డ్రైవరు ఎడమచేతి పక్కనే, దాని కొస బిగించిన బకిల్. గోతిలో పడ్డప్పుడల్లా అది పక్కనున్న గట్టి ప్లాస్టిక్కు మీద తల కొట్టుకుంటోంది. ఈ పనిలో కుదురుకున్నవాడెవడైనా ముందు చూసేది అక్కడే. చెయ్యి వెయ్యద్దన్నారని తను అక్కడ చెవి కూడా పెట్టలేదు.

మూత తెరుచుకుంది. వెలుతురు కళ్లలో పడింది. పల్లంరాజు గారు ఆదుర్దాగా వంగి చూస్తున్నారు.

"పట్టుబడిందా?"

"లేదండి," అన్నాడు చిట్టియ్య.

ఆ మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని భార్యకి అంతా చెప్పాడు. ఆమె చారు వడ్డిస్తూ విని, కాసేపటికి అంది.

"ఆ బకిల్ పక్కన ఓ గుడ్డ పీలిక అంటించెయ్యండి. ఇంకేదో క్లిప్పు ఊడిందని చెప్పి పంపించెయ్యండి. పాపం ముసలాయన."

"చెయ్యి వెయ్యద్దన్నాడే. ఆయన చూడకుండా ఎలా అంటిస్తాను? మాటిచ్చాక దొంగచాటుగానా?"

"అయితే నిజం చెప్పండి."

"ఏమని చెప్పను? మీ అబ్బాయి చెప్పిన చప్పుడు ఇది కాదంటే, నీకెలా తెలుసంటాడు. అప్పుడు ఫోను తియ్యాలి. అందులో 'నాన్నగారు వదిలితే' అనుంది వరాలూ. అది ఆయన వింటే?"

వరహాలక్ష్మి గరిటె గిన్నెలో పెట్టేసింది.

"ఆయన కొడుకు గొంతు మీ జేబులో పెట్టుకుని ఇన్నాళ్లూ ముద్దెలా దిగుతోందండీ మీకు?"

చిట్టియ్య కంచంలో చెయ్యి కడుక్కున్నాడు.

పల్లంరాజు గారు బండి దగ్గరే ఉన్నారు, తలుపు తీసుకుని డ్రైవరు సీట్లో, కాళ్లు బయట పెట్టుకుని. చిట్టియ్య వెళ్లి ఆయన పాదాల దగ్గర నేల మీద కూర్చున్నాడు.

"రాజుగారూ, అబ్బాయిగారు చెప్పిన చప్పుళ్లు మూడండి. మూడూ పోయాయి. ఈ టిక్కన్నది ఆయన చెప్పింది కాదండి."

"నీకెలా తెలుసు?"

చిట్టియ్య ఫోను తీసి, రెండు చేతులతో పట్టుకుని, నొక్కాడు.

"చిట్టియ్యగారూ, నమస్తే అండి. నా పేరు విష్ణు..."

పల్లంరాజు గారు కదల్లేదు. ఫోను వైపు కూడా చూడలేదు. గొంతు ఎక్కణ్ణించి వస్తోందో తెలీనట్టు, కాలవ అవతలి గట్టు వైపు చూశారు. గురక మాట దగ్గర ఆయన మీసం కింద ఏదో కదిలింది. "దొంగ వెధవ," అన్నారు, మెల్లగా, ముద్దుగా. తరవాత గాలి చప్పుడు వచ్చింది. తరవాత ఆ చివరి మాట.

షెడ్డులో మిషను కూడా ఆగిపోయింది.

"మళ్లీ పెట్టు."

చిట్టియ్య మళ్లీ పెట్టాడు. ఈసారి చివరి మాట రాకముందే ఆపబోతే, పెద్దాయన అతని మణికట్టు పట్టుకుని ఆపారు. పూర్తిగా విన్నారు.

"వదల్లేదు," అన్నారు. "నేను వదల్లేదు."

గుర్రపుడెక్కలో నీటికోడి ఒకటి కూసి ఊరుకుంది.

"మీ ఫోనుకి పంపించమంటారాండి?"

"వద్దు. నీ దగ్గరే ఉండనీ. నా దగ్గరుంటే అరిగిపోద్ది." ఆయన పంచె చెంగుతో మొహం తుడుచుకున్నారు. "మరి ఈ టిక్కు ఏంటి?"

చిట్టియ్య తల వంచుకుని చెప్పాడు.

"ఆ బెల్టండి. మనిషి కూచుంటే బిగిసి ఉంటది, కొట్టుకోదు. తీసేసినా కొట్టుకోదు. ఖాళీ సీటు మీద పెట్టి ఉంచితేనే కొట్టుకుంటదండి."

పల్లంరాజు గారు కాళ్లు లోపలికి తీసుకున్నారు. ఎడమ పక్కకి తిరిగి ఆ బెల్టుని చూశారు. దాని అంచున ఒకచోట పసుపు అంటిన మరక ఇంకా ఉంది. ముంతకి కట్టిన కొత్తబట్టది. రేవులో దింపేటప్పుడు కూడా బెల్టు విప్పకుండానే ముంతను పైకి లాగి తీశారని, విప్పడానికి చెయ్యి రాలేదని, ఆయన చెప్పకుండానే చిట్టియ్యకి తెలిసింది.

"ఎలా తియ్యాలి?" అని అడిగారు, ఆ బండి ఏడాదిగా నడుపుతున్న మనిషి.

"ఆ ఎర్ర బొత్తం నొక్కితే వచ్చేస్తదండి."

ఆయన బొటనవేలు బొత్తం మీదికి వెళ్లింది. దాని మీద ఆనింది. గోరు తెల్లబడింది. చిట్టియ్య ఆ చప్పుడు కోసం చూశాడు. బెల్టు సర్రున జరిగి సీటు వెనక గూట్లోకి పోయి టక్కున ఆగే చప్పుడు. ఎన్ని వేలసార్లు విన్నాడో దాన్ని.

రాలేదు. వేలు లేచింది.

"ఇప్పుడే కాదు," అన్నారు పల్లంరాజు గారు, ఎవరో తొందరపెడుతున్నట్టు.

"పోనీ మెత్తగా ఓ గుడ్డ అంటిస్తానండి. బెల్టు అలాగే ఉంటది. చప్పుడుండదు."

"ఉండదా?"

"అస్సలుండదండి."

ఆయన ఆలోచించారు. వరహాలక్ష్మి ఎప్పుడు కత్తిరించిందో, చేతిలో పీలిక పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"వద్దయ్యా," అన్నారు చివరికి. "అసలు చప్పుడే లేకపోతే అందులో పలికేవాడు ఎవరూ లేరని తెలిసిపోద్ది. చప్పుడుంటే... వాడు అడిగిన పని చెయ్యలేదని ఉంటది." ఆయన చెయ్యి చాపి బకిల్‌ని గుప్పిట్లో పట్టుకున్నారు, బజార్లో పిల్లాడి చెయ్యి పట్టుకున్నట్టు. "ఇలా పట్టుకుంటాలే. పట్టుకుంటే రాదుగా?"

"రాదండి. కానీ గేరు మార్చాలి కదండీ."

"అప్పుడు వదుల్తాను. మళ్లీ పట్టుకుంటాను."

చిట్టియ్య మనసులో దారి లెక్కేసుకున్నాడు. మొగల్తూరు దాకా ఎన్ని ఊళ్లు, ఎన్ని మలుపులు, ఎన్ని గేట్లు. ప్రతిచోటా ఆ చెయ్యి లేవాలి.

"మెల్లగా ఎళ్లండి రాజుగారూ."

"మెల్లగానే ఎళ్తా. వస్తానమ్మా," అన్నారు పల్లంరాజు గారు గుమ్మం వైపు చూసి. బండి వెనక్కి తిరిగి రోడ్డెక్కింది.

చిట్టియ్య రోడ్డు మధ్యకి వచ్చి నిలబడ్డాడు. అంత దూరానికి బకిల్ చప్పుడు ఏ చెవికీ వినపడదు. గేరు మారడం మాత్రం వినపడుతుంది. రైసుమిల్లు ముందు స్పీడు బ్రేకరు దగ్గర ఇంజను గొంతు ఒకసారి తగ్గి, మళ్లీ లేచింది. చెయ్యి వదిలింది, పట్టుకుంది. ఎండబోసిన వడ్ల దగ్గర మళ్లీ తగ్గింది. వదిలింది, పట్టుకుంది. ఎర్రరంగు చెట్ల మాటుకి పోయింది.

వెనకనుంచి వరహాలక్ష్మి వచ్చింది. పీలిక ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

"వెళ్లిపోయారా?"

లాకుల మలుపు ఇంకా రాలేదు, అక్కడ గేరు ఇంకోసారి మారాలి. చిట్టియ్య చెవి వెనక చెయ్యి ఆనించుకుని, "ఉండు," అన్నాడు.